విద్యుత్ కార్ల విస్తరణకు లోహాల ముడి

ధర పెరిగినా, పడిపోయినా మోటారు కంపెనీలకు ఇబ్బందే

విద్యుత్ కార్ల అమ్మకాలు ఏటికేడు పెరుగుతూనే ఉన్నాయి. బ్యాటరీకి తోడు పెట్రోలు ఇంజను కూడా ఉండే రకాలను కలుపుకొని, 2020లో ప్రపంచం మొత్తం మీద 30 లక్షల దరిదాపులో ఉన్న అమ్మకాలు 2023లో 1 కోటి 40 లక్షలకు, 2024లో 1 కోటి 70 లక్షలకు పైగా చేరాయి. 2024లో అమ్ముడైన ప్రతి అయిదు కొత్త కార్లలో ఒకటి ఈ కోవలోనిదే. ఇంత గిరాకీ ఉన్న సరుకు తయారుచేసేవారు నిశ్చింతగా ఉండాలి. అమెరికా, ఐరోపా కంపెనీల వరస చూస్తే అలా కనిపించదు. మెర్సిడెస్ బెంజ్ 2024 ఫిబ్రవరిలో తన లక్ష్యాన్ని సడలించుకుంది. 2030 నాటికి విద్యుత్ కార్లు మాత్రమే అమ్ముతామన్న వోల్వో 2024 సెప్టెంబరులో ఆ మాట వెనక్కు తీసుకుంది. ఫోర్డు కంపెనీ విద్యుత్ వాహనాల విభాగం 2023లో 470 కోట్ల డాలర్లు, 2024లో 500 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపింది. జనరల్ మోటార్స్ తన పథకాలను కుదించుకున్నందువల్ల 2025 అక్టోబరులో 160 కోట్ల డాలర్లను నష్టం పద్దులో రాసుకుంది.

ఇందుకు సాధారణంగా చెప్పే కారణాలు అందరికీ తెలిసినవే. పెట్రోలు కారు కంటే ధర ఎక్కువ. దారిలో చార్జింగుకు తగిన వసతి లేదన్న భయం కొనుగోలుదారును వెనక్కు లాగుతోంది. ప్రభుత్వ సహాయం నిలకడగా ఉండడంలేదు. జర్మనీ 2023 డిసెంబరులో ఉన్నట్టుండి సబ్సిడీ నిలిపివేయగా, మరుసటి ఏడాది అక్కడ పూర్తి విద్యుత్ కార్ల అమ్మకాలు నాలుగో వంతుకు పైగా తగ్గాయి. అమెరికాలో కొత్త కారుకు లభించే 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది.

ఇవన్నీ నిజమే. అయితే లోహాల వర్తకంతో సంబంధమున్నవారు గమనించవలసిన కారణం మరొకటి ఉంది. విద్యుత్ కారు ఖరీదును నిర్ణయించేది బ్యాటరీ. బ్యాటరీ ఖరీదును కదిలించేవి నాలుగైదు లోహాలు, ఖనిజాలు. వీటిలో చాలావాటికి ఉక్కుకు, రాగికి ఉన్నంత విశాలమైన బజారు లేదు. సరుకు కొద్ది చోట్ల దొరుకుతుంది, అంతకంటే కొద్ది చోట్ల శుద్ధి అవుతుంది. నూరేళ్లుగా ఉక్కు, రబ్బరు, గాజు కొనడానికి అలవాటుపడిన కంపెనీలకు ఈ వర్తకం కొత్త. సరుకు ఎప్పుడు కొనాలి, ఎంత నిల్వ ఉంచాలి, ఎవరిని నమ్మాలి అన్న పాత ప్రశ్నలే నేడు మోటారు పరిశ్రమ ముందున్నాయి.

బ్యాటరీ లెక్క

మధ్య తరహా కారుకు 60 యూనిట్ల, అంటే 60 కిలోవాట్ అవర్ల బ్యాటరీ కావాలి. బ్లూంబర్గ్ ఎన్.ఇ.ఎఫ్. సంస్థ లెక్కల ప్రకారం 2010లో యూనిట్ ఒక్కింటికి వెయ్యి డాలర్లకు మించి ఉన్న బ్యాటరీ సగటు ధర ఏటా తగ్గుతూ వచ్చింది. 2022లో మొదటిసారిగా ఎదురు తిరిగి 151 డాలర్లకు చేరింది. 2023లో 139, 2024లో 115 డాలర్లకు దిగింది. 115 డాలర్ల లెక్కన 60 యూనిట్లకు 6,900 డాలర్లు, నాటి మారకం ప్రకారం సుమారు 5 లక్షల 80 వేల రూపాయలు అవుతుంది. మన దేశంలో ఒక చిన్న పెట్రోలు కారు మొత్తం ఖరీదుకు ఇది దగ్గరగా ఉంది.

బ్యాటరీలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి నికెల్, మాంగనీసు, కోబాల్టు కలిసినది. బరువు తక్కువ, ఎక్కువ దూరం నడుస్తుంది, ఖరీదెక్కువ. రెండవది ఇనుము, ఫాస్ఫేటుతో తయారయ్యేది. కాస్త బరువు ఎక్కువైనా ధర తక్కువ, మన్నిక ఎక్కువ. రెండింటికీ లిథియం తప్పదు. రెండింటిలోనూ రుణ ధ్రువానికి గ్రాఫైటు వాడతారు. వీటికి తోడు తీగలకు, మోటారు చుట్టలకు రాగి, పెట్టెకు అల్యూమినియం, మోటారులోని అయస్కాంతాలకు నియోడిమియం వంటి అరుదైన ఖనిజాలు కావాలి. పెట్రోలు కారుతో పోలిస్తే విద్యుత్ కారులో రాగి వాడకం రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటుంది.

లిథియం ఆటుపోట్లు

2020లో చైనా బజారులో లిథియం కార్బొనేటు టన్ను 40 వేల యువాన్ల దరిదాపులో పలికింది. గిరాకీ లేక గనులు మూతపడ్డ కాలమది. ఆ పైన కార్ల అమ్మకాలు ఒక్కసారిగా పుంజుకోవడంతో సరుకు కొరత ఏర్పడింది. 2022 నవంబరులో ధర టన్నుకు 6 లక్షల యువాన్ల వరకు పోయింది. రెండేళ్లలో సుమారు పదిహేను రెట్లు! 2023 చివరకు ధర లక్ష యువాన్ల దగ్గరకు కూలింది. 2025 జూన్ నాటికి 60 వేలకు దిగజారింది. అదే ఏడాది రెండవ భాగంలో తిరిగి కోలుకొని, సంవత్సరాంతానికి లక్ష యువాన్లు దాటింది.

ఒక 60 యూనిట్ల బ్యాటరీలోకి లిథియం కార్బొనేటు లెక్కన సుమారు 40 కిలోల సరుకు పడుతుందనుకుంటే, 2022 నవంబరు ధర ప్రకారం దాని విలువ 24 వేల యువాన్లు, అంటే దాదాపు 2 లక్షల 75 వేల రూపాయలు. 2025 జూన్ ధర ప్రకారం అదే సరుకు విలువ 2,400 యువాన్లు, అంటే 29 వేల రూపాయలు. కారు మారలేదు, బ్యాటరీ మారలేదు. ఒక్క సరుకు ధారణలో వచ్చిన తేడా రెండున్నర లక్షల రూపాయలు. కారు ధర ప్రకటించి, ఆర్డర్లు తీసుకొని, ఆరు నెలల తర్వాత బండి అప్పగించే కంపెనీకి ఇంత తేడాను భరించే శక్తి ఎక్కడిది?

గుంటూరు మిర్చి యార్డుతో పరిచయమున్నవారికి ఈ కథ కొత్త కాదు. ధర బాగా పలికిన ఏడాది తర్వాత సాగు పెరుగుతుంది, శీతల గిడ్డంగుల్లో నిల్వలు పేరుకుంటాయి, ధర కూలుతుంది. అలా కూలినప్పుడే 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మిర్చికి మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది. అయితే మిర్చికి ఒక పంటకాలం చాలు. గని తవ్వి, శుద్ధి కర్మాగారం కట్టి, సరుకు బయటకు తేవడానికి సంవత్సరాలు పడుతుంది. కాబట్టి కొరత వచ్చినప్పుడు త్వరగా తీరదు, సరుకు ఎక్కువైనప్పుడు త్వరగా తరగదు.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. చాలా కాలం లిథియానికి బాహాటమైన వాయిదా బజారు లేదు. గనివారు, సెల్లుల తయారీదారులు గుట్టుగా కుదుర్చుకున్న ఒప్పందాలే ధరలు. లండన్ మెటల్ ఎక్స్ఛేంజి 2021 జులైలో లిథియం హైడ్రాక్సైడు వాయిదా బేరాలు ప్రారంభించింది. చైనాలోని గ్వాంగ్జౌ ఎక్స్ఛేంజి 2023 జులై 21న లిథియం కార్బొనేటు వాయిదా వ్యాపారం తెరిచింది. అప్పటికి ధర శిఖరం దాటి సగానికి పైగా పడిపోయి ఉంది. గొడుగు కొనేసరికి వాన వెలిసినట్లయింది.

నికెల్ నేర్పిన పాఠం

వాయిదా బజారు ఉన్నంత మాత్రాన రక్షణ దొరుకుతుందన్న హామీ కూడా లేదు. 2022 ఫిబ్రవరి చివర రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేయడంతో నికెల్ సరఫరాపై అనుమానాలు తలెత్తాయి. అప్పటికే చైనాకు చెందిన సింగ్‌షాన్ సంస్థ పెద్ద ఎత్తున ముందు అమ్మకాలు చేసి ఉంది. ధర ఎగబాకేకొద్దీ అమ్మినవారు తిరిగి కొనవలసి వచ్చింది. మార్చి 8న లండన్ బజారులో నికెల్ టన్ను లక్ష డాలర్లు దాటింది. ఎక్స్ఛేంజి వ్యాపారాన్ని నిలిపివేసి, ఆనాటి బేరాలను రద్దు చేసింది. బజారు మళ్లీ తెరిచింది మార్చి 16న. ధర బిగించుకున్నామనుకున్నవారి పరిస్థితి ఏమిటన్న ప్రశ్న వర్తక ప్రపంచంలో ఈనాటికీ వినిపిస్తోంది.

ఆ నెలలోనే టెస్లా కార్ల ధరలు పెంచింది. ముడిసరుకు ధరలను తట్టుకోలేక మరికొన్ని కంపెనీలు కూడా అదే బాట పట్టాయి.

కాగా, అదే నికెల్ రెండేళ్లు తిరగకుండానే చౌక సరుకయింది. ఇండొనేషియా 2020 జనవరి నుంచి ముడి ఖనిజం ఎగుమతిని నిషేధించి, శుద్ధి కర్మాగారాలు తమ గడ్డమీదనే పెట్టాలని షరతు విధించింది. చైనా పెట్టుబడులతో అక్కడ ఉత్పత్తి విపరీతంగా పెరిగింది. ప్రపంచంలో తవ్వే నికెల్‌లో సగానికి మించిన భాగం నేడు ఆ దేశానిదే. ఈ సరుకు ఒత్తిడికి తట్టుకోలేక ఆస్ట్రేలియాలో బి.హెచ్.పి. సంస్థ తన నికెల్ కార్యకలాపాలను 2024 అక్టోబరులో నిలిపివేసింది.

చౌక తెచ్చిన చిక్కులు

ముడిసరుకు చౌకయితే తయారీదారుకు లాభమే కదా అనిపించవచ్చు. విద్యుత్ కార్ల విషయంలో అది సగం మాత్రమే నిజం.

మొదటి చిక్కు పాత బండ్ల ధర. బ్యాటరీ చౌకయితే కొత్త కారు ధర తగ్గుతుంది. కొత్త కారు ధర తగ్గిన మరుక్షణం, నిన్న ఎక్కువ ధరకు కొన్నవారి కారు విలువ పడిపోతుంది. టెస్లా 2023 జనవరిలో అమెరికా, ఐరోపాల్లో కొన్ని రకాల ధరలను 20 శాతం వరకు తగ్గించింది. కార్లు అద్దెకిచ్చే హెర్ట్జ్ సంస్థ సరిగ్గా ఏడాదికి, 2024 జనవరిలో, 20 వేల విద్యుత్ కార్లను వదిలించుకుంటున్నట్లు ప్రకటించింది. మరమ్మతు ఖర్చులతోపాటు తరుగుదల ఆ సంస్థను గట్టిగా దెబ్బతీసింది. పాత కారుకు ధర పలకదన్న భయం ఉన్నంత కాలం అప్పు ఇచ్చేవారు, అద్దెకు కొనేవారు వెనుకంజ వేస్తారు. రేపు ఇంకా తగ్గుతుందన్న ఆశతో వ్యక్తిగత కొనుగోలుదారు కూడా ఆగుతాడు. పడే బజారులో కొనేవాడు వెనక్కు జరగడం వర్తకులకు తెలిసిన సంగతే.

రెండవది ఒప్పందాల చిక్కు. కొరత కాలంలో భయపడి ఎక్కువ ధరకు, ఎక్కువ కాలానికి సరుకు రాసుకున్న కంపెనీ, ధర పడిన తర్వాత కూడా ఆ ఒప్పందానికి కట్టుబడాలి. ఒప్పందం లేకుండా రోజువారీ బజారులో కొన్న పోటీదారు తక్కువ ధరకు కారు అమ్ముతాడు. రాసుకున్నవాడు నష్టపోతాడు.

మూడవది అసలైనది. ధర పడితే గనులు ఆగిపోతాయి. ఆస్ట్రేలియాలో ఫిన్నిస్ లిథియం గనిలో తవ్వకం 2024 జనవరిలో ఆగింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బాల్డ్ హిల్ గనిని అదే ఏడాది నవంబరులో మూసి ఉంచాలని నిర్ణయించారు. నేటి చౌక ఈ విధంగా రేపటి కొరతకు విత్తనం వేస్తుంది. పైగా తక్కువ ధరకు నిలదొక్కుకోగలిగేవి చౌకగా ఉత్పత్తి చేసే దేశాల సంస్థలే. దాంతో సరుకు మరింతగా కొద్దిమంది చేతుల్లోకి పోతుంది.

కొద్ది చోట్లనే సరుకు

కోబాల్టులో 70 శాతానికి పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోనే తవ్వుతారు. 2025 ఫిబ్రవరిలో కోబాల్టు ధర ఎన్నో ఏళ్ల కనిష్ఠానికి పడిపోయి, పౌనుకు 10 డాలర్ల దరిదాపుకు చేరింది. ఆ ప్రభుత్వం వెంటనే నాలుగు నెలలపాటు ఎగుమతులను నిలిపివేసింది. జూన్‌లో మరో మూడు నెలలు పొడిగించింది. అక్టోబరు 16 నుంచి నిషేధం తీసివేసి కోటా పెట్టింది. 2025లో మిగిలిన రోజులకు 18,125 టన్నులు, 2026, 2027 సంవత్సరాల్లో ఏటా 96,600 టన్నులు మాత్రమే పంపవచ్చునన్నది. సంవత్సరాంతానికి ధర కనిష్ఠం నుంచి రెట్టింపుకు మించింది. ఒక ప్రభుత్వ ఉత్తర్వు బజారును తలకిందులు చేయగలదని ఇది రుజువు చేసింది.

తవ్వకం కంటే శుద్ధి విషయంలో కేంద్రీకరణ ఇంకా ఎక్కువ. లిథియం శుద్ధిలో మూడింట రెండు వంతుల దరిదాపు, బ్యాటరీకి తగిన గ్రాఫైటులో 90 శాతానికి పైగా చైనా కర్మాగారాల నుంచే వస్తుంది. బ్యాటరీ సెల్లులలో కూడా ప్రతి నాలుగింటికి మూడు అక్కడివే. గ్రాఫైటు ఎగుమతికి లైసెన్సు ఉండాలన్న నిబంధనను చైనా 2023 డిసెంబరు 1 నుంచి అమలులో పెట్టింది.

అయస్కాంతాల వ్యవహారం మరింత ఘాటైనది. చైనా 2025 ఏప్రిల్ 4న ఏడు రకాల అరుదైన ఖనిజాలకు, వాటితో చేసిన అయస్కాంతాలకు ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. కారు ఖరీదులో ఈ అయస్కాంతాల విలువ స్వల్పం. అయినా కొన్ని వారాలకే ప్రపంచ వ్యాప్తంగా కర్మాగారాల్లో ఇబ్బంది మొదలైంది. మే నెలలో ఫోర్డు కంపెనీ షికాగో కర్మాగారం వారం రోజులు ఆగింది. జపాన్‌లో సుజుకి స్విఫ్టు తయారీ కొంతకాలం నిలిచిపోయింది. ఈ రెండు చోట్లా తయారయ్యేవి పెట్రోలు బండ్లు కావడం గమనార్హం. వాటికే అంత ఇబ్బంది అయినప్పుడు, చక్రం తిప్పే మోటారుకే అయస్కాంతం కావలసిన విద్యుత్ కారు సంగతి చెప్పనక్కరలేదు.

ఈ కొరతలను చైనా కంపెనీలు వేరే విధంగా ఎదుర్కొన్నాయి. బి.వై.డి. సంస్థ బ్యాటరీల తయారీదారుగా మొదలై కార్లలోకి వచ్చింది. సెల్లులు తానే చేసుకుంటుంది. సరుకు ధర పెరిగితే ఒక విభాగం నష్టం మరొక విభాగం లాభంలో సర్దుకుంటుంది. ఐరోపాలో ఈ ప్రయత్నం చేసిన స్వీడన్ సంస్థ నార్త్‌వోల్ట్ చెప్పిన గడువుకు, చెప్పిన నాణ్యతతో సెల్లులు ఇవ్వలేకపోయింది. 2024లో బి.ఎం.డబ్ల్యు. 200 కోట్ల యూరోల ఆర్డరును రద్దు చేసుకుంది. 2025 మార్చిలో నార్త్‌వోల్ట్ స్వీడన్‌లో దివాలా పిటీషను దాఖలు చేసింది. చైనా కార్ల పోటీని ఆపడానికి ఐరోపా సమాజం 2024 అక్టోబరు చివర 10 శాతం సుంకంపై మరో 35.3 శాతం వరకు అదనపు సుంకాలు విధించింది. సుంకం కారును ఆపగలదేమో కాని, కారులోని లోహాలకు ప్రత్యామ్నాయం చూపలేదు.

ఖరీదైన లోహానికి ఉద్వాసన

ఏ లోహం ధర అతిగా పెరిగితే, పరిశ్రమ ఆ లోహాన్ని వదిలించుకునే ప్రయత్నం మొదలుపెడుతుంది. 2018 తొలి నెలల్లో కోబాల్టు టన్ను 90 వేల డాలర్లు దాటినప్పుడు సరుకు పట్టుకొని కూర్చున్నవారు ఇంకా పెరుగుతుందనుకున్నారు. బ్యాటరీ నిపుణులు కోబాల్టు పాలు తగ్గించి నికెల్ పాలు పెంచారు. 2022లో నికెల్ మండిపడటంతో ఆ రెండూ లేని ఇనుము, ఫాస్ఫేటు రకం వైపు మొగ్గారు. 2024 నాటికి ప్రపంచ విద్యుత్ కార్ల బ్యాటరీలలో దాదాపు సగం ఈ రకానివే. కార్ల అమ్మకాలు లెక్కకు మించి పెరిగినా, నికెల్, కోబాల్టు గిరాకీ ఆ నిష్పత్తిలో పెరగకపోవడానికి కారణమిదే.

లిథియానికి బదులు సోడియం వాడే సెల్లులు కూడా తయారవుతున్నాయి. లిథియం ఖరీదుగా ఉన్నప్పుడు వాటిపై ఆసక్తి పెరుగుతుంది, చౌకయితే మందగిస్తుంది. ఇంత తొందరగా పక్కకు పెట్టడానికి వీలులేని లోహం రాగి. లండన్‌లో రాగి 2024 మే నెలలో టన్నుకు 11 వేల డాలర్లు దాటి అప్పటికి రికార్డు సృష్టించింది. అయితే రాగి ధరకు విద్యుత్ కార్లు ఒక్కటే ఆధారం కాదు. ఇళ్లు, విద్యుత్ లైన్లు, యంత్రాలు అన్నీ దాన్ని కోరతాయి. అందువల్ల కార్ల అమ్మకాలు ఒక త్రైమాసికంలో మందగించినంత మాత్రాన రాగి కుప్పకూలదు. లిథియానికి ఆ ఊతం లేదు.

గనుల్లోకి దిగిన కార్ల కంపెనీలు

ఈ పరిస్థితుల్లో మోటారు కంపెనీలు స్వయంగా గనుల వైపు చూస్తున్నాయి. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని థాకర్ పాస్ లిథియం గని కోసం 65 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని జనరల్ మోటార్స్ 2023 జనవరిలో ప్రకటించింది. స్టెలాంటిస్ అదే ఏడాది అర్జెంటీనాలోని ఒక రాగి గనుల సంస్థలో వాటా కొన్నది. టెస్లా 2023 మే నెలలో టెక్సాస్‌లో లిథియం శుద్ధి కర్మాగారానికి శంకుస్థాపన చేసింది.

ఇందులో లాభంతోపాటు ప్రమాదమూ ఉంది. సరుకు భరోసా దొరుకుతుంది. కాని ధర పడితే గని నష్టం కూడా కారు కంపెనీ నెత్తిన పడుతుంది. కార్ల అమ్మకాలు తగ్గినప్పుడే లిథియం ధర కూడా తగ్గుతుంది గనుక, రెండు నష్టాలు ఒకేసారి తగిలే అవకాశం ఉంది. నూనె మిల్లు నడిపేవారు గింజలు కొనడంతో ఆగక పొలాలు కూడా కౌలుకు తీసుకున్నట్లన్నమాట. మంచి ఏడాదిలో అంతకు మించిన తెలివి లేదు. చెడ్డ ఏడాదిలో అంతకు మించిన భారమూ లేదు.

మన దేశంలో పరిస్థితి

మన దేశంలో విద్యుత్ బండి అంటే ముందు గుర్తుకు వచ్చేది స్కూటరు, మూడు చక్రాల బండి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో విద్యుత్ ద్విచక్ర వాహనాలు 11 లక్షలకు పైగా అమ్ముడుకాగా, విద్యుత్ కార్లు లక్ష దాటాయి. మొత్తం కార్ల అమ్మకాల్లో ఇది మూడు శాతం లోపే. ఫేమ్ రెండవ పథకం కింద యూనిట్‌కు 15 వేల రూపాయలుగా ఉన్న స్కూటర్ల సబ్సిడీని 2023 జూన్ నుంచి 10 వేలకు, బండి ధరలో 40 శాతం దాకా ఉన్న పరిమితిని 15 శాతానికి తగ్గించారు. ఆ పథకం 2024 మార్చితో ముగిసింది. 2024 అక్టోబరు 1 నుంచి 10,900 కోట్ల రూపాయలతో పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం అమలులోకి వచ్చింది. ఇదిలా ఉండగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. విద్యుత్ కార్లపై 5 శాతం యథాతథంగా ఉంది. అంటే రెండింటి మధ్య పన్ను తేడా బాగా కుదించుకుపోయింది. ఇక విద్యుత్ కారు తన సొంత ధరతోనే పోటీపడాలి. ఆ ధర తిరిగి సెల్లు దగ్గరకే వస్తుంది.

సెల్లులు ఎక్కువగా దిగుమతి సరుకే. దేశంలో 50 గిగావాట్ అవర్ల సెల్లుల తయారీకి 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని కేంద్రం 2021లో ఆమోదించింది. సీసం బ్యాటరీలకు పేరుపడ్డ అమర రాజా సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్లుల కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి దాని లక్ష్యం. సెల్లులు ఇక్కడ చేసినా, వాటిలోకి వెళ్లే లిథియం, గ్రాఫైటు కోసం బయటి దేశాల వైపు చూడక తప్పదు.

జమ్ము, కాశ్మీరులోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం ఖనిజ వనరులు ఉండవచ్చునని 2023 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు బజారులో ఎంతో ఉత్సాహం కనిపించింది. ఆ బ్లాకును వేలానికి పెడితే తగినంతమంది బిడ్డర్లు రాలేదు. భూమిలో ఉన్న ఖనిజానికి, బజారుకు వచ్చే సరుకుకు మధ్య ఎంత దూరముందో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రభుత్వ రంగంలోని కాబిల్ సంస్థ 2024 జనవరిలో అర్జెంటీనాలో అయిదు బ్లాకుల అన్వేషణకు ఒప్పందం చేసుకుంది.

అయస్కాంతాల విషయంలో ఆంధ్ర తీరానికి కొంత ప్రాముఖ్యం ఉంది. ఇక్కడి సముద్రపు ఇసుకలో మోనజైట్ నిల్వలు గణనీయంగా ఉన్నాయి. విశాఖపట్నంలో ఐ.ఆర్.ఇ.ఎల్. నెలకొల్పిన కర్మాగారాన్ని 2023 మే నెలలో జాతికి అంకితం చేశారు. అయితే అక్కడ చేసేది సమేరియం, కోబాల్టు అయస్కాంతాలు, ఏడాదికి 3 వేల కిలోలు. కార్ల పరిశ్రమ అడిగే నియోడిమియం రకం అది కాదు. ఏటా 6 వేల టన్నుల అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 నవంబరు 26న ఆమోదించింది.

వర్తకులు గమనించవలసినవి

లోహాల వర్తకులకు, పాత సామాను వ్యాపారులకు ఈ పరిణామాల నుంచి కొన్ని సూచనలు తేలుతున్నాయి.

కార్ల అమ్మకాల అంకెలు చూసి లోహాల ధర ఊహించడం పొరపాటు. 2023, 2024 సంవత్సరాల్లో అమ్మకాలు పెరుగుతూ ఉండగానే లిథియం, నికెల్, కోబాల్టు మూడూ పడ్డాయి. ధరను నడిపింది సరుకు రాబడి, కర్మాగారాల్లో పేరుకున్న నిల్వలు. ఎంత అమ్ముడయిందన్నది ఒక లెక్క. ఏ రకం బ్యాటరీతో అమ్ముడయిందన్నది వేరే లెక్క.

ప్రభుత్వాల ఉత్తర్వులను బజారు వార్తలుగానే చదవాలి. కాంగో కోటా, ఇండొనేషియా గనుల అనుమతులు, చైనా ఎగుమతి లైసెన్సులు రాత్రికి రాత్రి ధరను మార్చగలవు.

ఈ సరుకులన్నీ గోదాములో వేసి ధర కోసం ఎదురుచూడదగ్గవి కావు. రాగి, సీసం ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి. లిథియం హైడ్రాక్సైడు గాలిలోని తేమను పీల్చుకొని నాణ్యత కోల్పోతుంది. నాణ్యత తగ్గిన సరుకును బ్యాటరీ కర్మాగారం ముట్టదు.

సీసం వ్యాపారులు భయపడవలసిన కాలం ఇంకా రాలేదు. విద్యుత్ కారులో కూడా దీపాలు, తాళాల వంటి వాటికి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. చాలా బండ్లలో అది సీసం బ్యాటరీయే. ఇన్వర్టర్ల గిరాకీ ఉండనే ఉంది. అయితే కొత్త అవకాశం లిథియం పాత బ్యాటరీలలో ఉంది. వీటిని పొడిచేసి తీసే నల్ల పొడిలో లిథియం, నికెల్, కోబాల్టు ఉంటాయి. బ్యాటరీల వ్యర్థాలపై 2022 ఆగస్టులో వచ్చిన నిబంధనలు తయారీదారులపై తిరిగి సేకరించే బాధ్యత పెట్టాయి. 2025 బడ్జెటులో లిథియం బ్యాటరీల తుక్కుపై, కోబాల్టు పొడిపై కస్టమ్సు సుంకం ఎత్తివేశారు. ఈ తుక్కు కొనేవారు ఏ రకం బ్యాటరీ అన్నది తెలుసుకోకుండా ధర కట్టరాదు. నికెల్, కోబాల్టు ఉన్న తుక్కుకు వచ్చే ధర ఇనుము, ఫాస్ఫేటు తుక్కుకు రాదు. చార్జి మిగిలి ఉన్న సెల్లులు నలిగితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. సీసం బ్యాటరీల మాదిరిగా ఆరుబయట కుప్పపోయడం తగదు.

మొత్తం మీద విద్యుత్ కార్ల గిరాకీ దీర్ఘకాలంలో పెరుగుతుందన్న విషయంలో పెద్దగా అభిప్రాయ భేదం లేదు. ఆ పెరుగుదల సాఫీగా సాగుతుందనుకోవడమే పొరపాటు. లోహాల ధర నిలకడగా ఉంటే తప్ప కారు ధర నిలకడగా ఉండదు. కారు ధర నిలకడగా ఉంటే తప్ప సామాన్య కొనుగోలుదారు ముందుకు రాడు. గనివానికి గిట్టుబాటయ్యే ధర, కారు కొనేవాడికి అందుబాటులో ఉండే ధర ఒకచోట కలిసే వరకు మోటారు కంపెనీలు ఒక కన్ను షోరూముపైన, ఒక కన్ను లోహాల ధారణలపైన ఉంచక తప్పదు. మధ్యలో సరుకు చేతులు మార్చే వర్తకులకు లాభం, ప్రమాదం రెండూ అక్కడే ఉన్నాయి.